చుట్టదొర బుర్రకథ

బుర్రకథలో నాయకుడు యుద్ధరంగంలోనే ప్రాణం విడవాలి. నూరుమందిని నరికి, చివరికి ఎవడో వెనకనుంచి పొడిస్తే నేలకొరగాలి. అప్పుడే జనం కళ్లు తుడుచుకుంటారు. నిరుడు ఉగాదికి బహ్రెయిన్‌లో మేం ముగ్గురం ఆడవాళ్లం చెప్పిన బుర్రకథలో నాయకుడు మాత్రం తొంభై ఏళ్లు బతికి, మంచం మీద పోయాడు. రెండుసార్లు పార్టీ మారాడు. రెండుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌ను నడిపించినవాడు. ఇంతమంది వీరులు మనకుండగా ఆయన మీద ఎలా పడ్డారండీ అని ఇప్పటికీ అడుగుతుంటారు. అందుకని ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి వాళ్ల ఫ్లాటు ఇక్కడి జింజ్ అనే పేటలో. ట్రెజరీలో నా ఉద్యోగం ముగిశాక, మావారు పోయాక, నేను ఇక్కడికి వచ్చేశాను. అల్లుడిది వరంగల్. సిత్రాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. మనవరాలు ఇంగ్లండు పద్ధతిలో పాఠాలు చెప్పే బడిలో చదువుతోంది. అప్పటికి ఇంకో ఏడాదిలో దానికి పెద్ద పరీక్ష.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అది వచ్చి, బళ్లో డిబేటు పెట్టారంది. ఆ ప్రధాని మహానాయకుడా, కాదా అన్నది విషయం. దీనికి అనుకూలపక్షం పడింది.

"అందులో అడగడానికేముంది బేటా," అన్నాడు అల్లుడు. కారులో ఆయన ప్రసంగాలు వింటూ డ్యూటీకి వెళ్లే మనిషి. "1940 సంవత్సరంల ఫ్రాన్సు పడిపాయె. ఇగ మనతోని కాదు, సంధి చేసుకుందామని ఆయన కేబినెట్‌లనే కొందరు అనవట్టిరి. వద్దన్నోడు ఆయన. లేకుంటే జర్మనీవాడు మొత్తం మింగేటోడు."

"అది నిజమే," అన్నాను. "1943 బెంగాల్ కూడా నిజమే."

"అమ్మమ్మా, ఒక పక్కే మాట్లాడాలి. రెండూ అంటే ఊరుకోరు."

ఆ రోజు మా వంటింట్లో ఇంకొకావిడ ఉంది. కోనసీమ మనిషి, రిఫాలో ఒక విల్లాలో ఇంటిపని చేస్తుంది. శుక్రవారం సెలవు. మనామా గుడిలో మా అమ్మాయికి పరిచయమై, గుడి అయ్యాక మా ఇంటికి వచ్చి సాయంత్రం దాకా ఉండి వెళ్లేది. గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు దూస్తూ మా మాటలన్నీ వింటోంది.

"మా నాన్నైతే రెండూ చెప్పేవోరండి," అంది.

వాళ్ల నాన్న బుర్రకథ కథకుడట. చిన్నప్పుడు ఆయన వెంట వంతగా తిరిగిందట. మనవరాలికి బుర్రకథంటే ఏమిటో తెలియదు. ఆవిడ చేతిలో గోంగూర కాడ తంబురాలాగా భుజానికి ఆనించుకుని చూపించింది.

"ఆయ్, మజ్జిలో కథకుడు. ఆయన నాయకుణ్ణి పొగుడతానే ఉంటాడు, అది ఆయన పని. కుడివంతని రాజకీయం అంటారు. 'అంతేనా? ఆ ముక్క కూడా చెప్పు' అని నిలదీసేది ఆ మనిషి. ఎడమవంత హాస్యం. ఇద్దరి మీదా జోకులేత్తాడు. ముగ్గురూ ఉంటేనే కథ నిలబడుద్ది."

మనవరాలు డిబేటుకు వెళ్లి ఓడిపోయి వచ్చింది. "నీ పాయింట్లతోనే నన్ను కొట్టారు అమ్మమ్మా," అని నామీద విసుక్కుంది. అవతలి పక్షంలో ఒక బెంగాలీ అమ్మాయి ఉందట. మళ్లీ శుక్రవారం కోనసీమ ఆవిడ రాగానే, ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఆంటీ, మనం ముగ్గురం ఆ మూడు పనులూ చేద్దామా?" అంది.

అలా మొదలైంది. తెలుగు సంఘం కార్యదర్శి సంతోషంగా ఒప్పుకున్నాడు. ఏటా కూచిపూడి, సినిమా పాటలు తప్ప మరొకటి లేక విసిగిపోయి ఉన్నాడు. కథకురాలు కోనసీమ ఆవిడ. కుడివంత రాజకీయం నేను. ఎడమవంత హాస్యం మనవరాలు. తంబురా ఇండియా నుంచి ఎవరో తెచ్చిపెట్టారు. వంతలు వాయించే డక్కీలు దొరకలేదు. మనామా సూక్‌లో అరబ్బులు వాయించే చిన్న మట్టి డోళ్లు రెండు కొన్నాం. వాటి మోత కాస్త పలచన. అయినా సరిపోయింది.

మా కథకురాలికి ఇంగ్లీషు పేర్లు నోరు తిరగవు. ఆయన ఫోటో ఒకటి చూసి, "ఈయన చుట్టదొర," అని నామకరణం చేసేసింది. మరి మాకు ఆ పేరే ఖాయం.

కథ కూర్చడం నా పని. చరిత్ర నేను చదివిన సబ్జెక్టు కాదు. కానీ సంవత్సరం తప్పు పడితే నాకు అన్నం సహించదు. 1900లో పార్లమెంటుకు వెళ్లాడు. 1904లో పార్టీ మారాడు. 1911లో నౌకాదళ మంత్రి. 1915లో టర్కీ జలసంధి మీదికి ఓడల్ని పంపిన పథకం చెడి, పదవి పోయి, కందకాల్లో సైనికులతో కలిసి పనిచేశాడు. 1924లో పాత పార్టీకే తిరిగొచ్చాడు. మరుసటి ఏడు ఆర్థికమంత్రిగా పౌండును మళ్లీ బంగారానికి ముడివేసి దేశాన్ని ఇబ్బంది పెట్టాడు. మనకు స్వపరిపాలన ఇవ్వకూడదని పోరాడాడు. కొల్లాయి కట్టిన మన నాయకుణ్ణి అర్ధనగ్న ఫకీరని ఎగతాళి చేశాడు. జర్మనీ ఆయుధాలు కూడగడుతోందని అందరికంటే ముందు అరిచిందీ ఆయనే. ఒకే మనిషి, ఒకే పదేళ్లలో, మన విషయంలో అంత గుడ్డిగానూ జర్మనీ విషయంలో అంత చురుగ్గానూ ఉన్నాడు. ఇది నాకు ఎప్పటికీ వింతే.

మా మనవరాలికి పార్టీ మార్పిళ్లు చాలా నచ్చాయి. "ఆయన మన ఎమ్మెల్యేలకి గురువా అమ్మమ్మా?" అని దాన్ని పాటలో పెట్టించింది.

రిహార్సల్స్ మా హాల్లోనే. సోఫాలు గోడకు జరిపి గజ్జెలు కట్టుకునేవాళ్లం. కింది ఫ్లాటు కేరళ కుటుంబం మొదటి వారం ఫోను చేసి ఆ చప్పుడేమిటని అడిగి, రెండో వారం వచ్చి కూర్చున్నారు.

నాకూ కథకురాలికీ పెద్ద తగవు అంకెల దగ్గర వచ్చింది. బెంగాల్ కరువులో పోయినవాళ్లు ముప్పై లక్షలని ఎక్కువమంది చెప్పే లెక్క. కొందరు తక్కువంటారు. ఆవిడ తంబురా మీటి, "కోటిమంది కూలిపోయిరి," అని ఎత్తుకుంది.

"కోటి కాదు, ముప్పై లక్షలు."

"పాటలో కోటి బాగా కూర్చుంటాదండి మామ్మగారూ."

"కూర్చుంటే లేపు."

"ముప్పై లచ్చలంటే తాళం తప్పుద్దండి."

"తప్పనీ. ఎక్కువ చెప్పావంటే, వినేవాడు ఆ ఒక్క అంకె పట్టుకుని మొత్తం అబద్ధమనేస్తాడు."

నాలుగైదు మాట్లు కుస్తీ పట్టి, చివరికి ముప్పై లక్షల్ని తాళంలోకి తెచ్చుకుంది. అది ఆవిడ గొప్పతనం.

రెండో తగవు నాయకుడి చావు. 1945 జులైలో, జర్మనీని ఓడించి ఇంకా మూడు నెలలు కాకముందే, ఆయన్ని సొంత జనం ఎన్నికల్లో ఓడించారు. ఆ ఘట్టానికి వచ్చేసరికి మా కథకురాలికి ఒంటిమీద తెలివుండేది కాదు. తండ్రి దగ్గర నేర్చుకున్నవన్నీ వీరగాథలే. ఓటమి అనగానే గొంతు దానంతటదే శోకంలోకి జారి, "కుప్పకూలెనే చుట్టదొరా" అని మోకాళ్ల మీద ఒరిగిపోయి, చేతిలో లేని కత్తి జారవిడిచి, దొర ప్రాణం తీసేది.

"అయ్యో, ఇంకా ఇరవై ఏళ్లు బతకాలి ఆయన!" అని నేను అరిచేదాన్ని. "1951లో మళ్లీ ప్రధాని కావాలి!"

"మరిచిపోయానండి. ఓడిపోయినోడు బతికుంటే నాకు పాట రాదండి," అని నాలిక కరుచుకునేది. ప్రతి శుక్రవారం ఒకసారి చంపేది.

ఇంత సరదాగా నడుస్తుండగా కార్యదర్శి నుంచి ఫోను వచ్చింది. ముఖ్య అతిథి ఖాయమయ్యాడట. మా అల్లుడి కంపెనీలో పెద్ద మేనేజరు, బ్రిటన్ మనిషి. హాలు అద్దె కంపెనీ భరిస్తోందట. మా అల్లుడు ఆయన పక్కన కూర్చుని ఏం జరుగుతోందో ఇంగ్లీషులో చెప్పాలట.

అల్లుడు ఆ రాత్రి భోజనం ముందు కూర్చుని అన్నం కలపకుండా ఉండిపోయాడు.

"అత్తమ్మా, మీరు చెప్పేది అబద్ధమని నేనంటలేను. ఆయన ముంగట చెప్పుడు అవసరమా అంటున్న. వచ్చే నెల నా కాంట్రాక్టు ఆయన బల్ల మీదికి వోతది. ఆయన సంతకం పెట్టకుంటే ఖలాస్. పిల్ల పరీక్ష నడుమల సామాన్ సదురుకోవాలె మనం."

అతను చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదు. ఇక్కడ ఉద్యోగం ఉంటేనే వీసా, వీసా ఉంటేనే ఇల్లు, బడి. నేను కూడా ఆ కాగితం మీదే ఉన్నాను. మనవరాలు ఆ బళ్లో చదివిన చదువు మధ్యలో ఆగితే మన దగ్గర ఏ తరగతిలో అతుకుతుందో ఎవరికీ తెలియదు.

"ఒక్క సంవత్సరం వదిలేస్తే ఏమవుతుందమ్మా?" అంది మా అమ్మాయి.

"1942 తర్వాత 1944 వస్తుంది."

"నీతో వాదించలేం."

వాదించడానికి కాదు నేను అన్నది. మా అమ్మ అత్తవారిది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ ఆరున అక్కడ జపాను బాంబులు పడినప్పుడు కొత్తగా కాపరానికి వచ్చి ఉంది. ఊరు ఊరంతా బళ్లు కట్టుకుని పల్లెలకు పోయిందని చెప్పేది. మా మేనమామ రంగూన్‌లో కూలిపని చేసేవాడు. ఈ గల్ఫు కంటే ముందు మా వైపు వాళ్ల గల్ఫు రంగూనే. అక్కడినుంచి కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చాడు. బర్మా బియ్యం రావడం ఆగిపోయాక మా ఇంట్లో గంజి ఎలా పంచుకున్నారో వాళ్ల నోటినుంచి విన్నాను. బెంగాల్‌లో ఆ గంజి కూడా లేదు. యుద్ధం గెలిచినవాడి కథ చెబుతూ, ఆ యుద్ధంలో మనవాళ్ల ఆకలి దగ్గర నోరు మూసుకుంటే, ఆ కథ చెప్పడానికి నేనెందుకు? కానీ ఇవన్నీ అల్లుడితో అనలేకపోయాను. అతని భయం కూడా ఇంటి అన్నం గురించే.

మర్నాడు కథకురాలికి ఫోను చేసి సంగతి చెప్పాను.

"మామ్మగారూ, 1942 బాంబులయ్యాక నేను మీకేసి తిరిగి 'అంతేనా అక్కా' అంటానండి. ఆ తిరగడం నా ఒంట్లో ఉందండి. కుడివంత నోరు మూసుకుంటే నేను ఎవరికేసి తిరగనండి?"

దారి చూపింది మనవరాలు. "డాడీ, ట్రాన్స్‌లేట్ చేసేది నువ్వే కదా? ఆ పార్ట్ చెయ్యకు! అమ్మమ్మ చెప్పుకుంటుంది, ఆయనకి తెలీదు, ఖలాస్."

అల్లుడు దానికేసి చూశాడు. తర్వాత నాకేసి చూశాడు. "ఏదో దుఃఖం పాట అంటా," అన్నాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. నాకైతే పూర్తిగా నచ్చలేదు. అయినా, నా మాట నేను చెప్పడానికి అడ్డు లేదు కదా అనుకుని ఒప్పుకున్నాను.

ఉగాదినాడు క్లబ్బు హాలు నిండింది. ముందు వరసల్లో ఆఫీసు ఉద్యోగాల కుటుంబాలు, పట్టుచీరలు. వెనక వరసల్లో సిత్రాలోని కార్మికుల క్యాంపుల నుంచి బస్సులో వచ్చిన మనవాళ్లు, రిఫా, మనామాల్లో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు. ఉగాది పచ్చడి కాగితపు కప్పుల్లో పంచారు. మేనేజరు ఒక గుక్క తాగి ముఖం ఆరు రకాలుగా మార్చాడని వెనకవాళ్లు నవ్వుకున్నారు. యాభై దాటిన మనిషి, ఎర్రటి మెడ, పొట్టి చేతుల చొక్కా. పక్కన మా అల్లుడు నిటారుగా కూర్చున్నాడు.

మా కథకురాలు గజ్జెలు ఒక్కసారి ఘల్లుమనిపించి ఎత్తుకుంది.

"చుట్ట నోటిలో పెట్టినాడయా—"

"తందాన తాన!"

"టోపీ నెత్తిన కొట్టినాడయా—"

"తందాన తాన!"

"గోడ దూకి అటు పోయినాడయా, మళ్లీ దూకి ఇటు వచ్చినాడయా—"

వెనక వరసలు తందానలో కలిసిపోయాయి. మనవరాలు డోలు టక్కున ఆపింది.

"అక్కా, అక్కా! మా పెద్దమ్మమ్మ కూడా చుట్ట కాల్చేదట. కానీ నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చేదట. ఎందుకే?"

"ఎందుకే చెల్లీ?"

"ఇల్లు అంటుకోకుండా! ఈ దొర నిప్పు బయట పెట్టాడు. చూడు, ప్రపంచం అంతా అంటుకుంది!"

శ్రీకాకుళం వాళ్లు బల్లలు చరిచారు. అడ్డపొగ వాళ్లకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? మేనేజరు కూడా నవ్వాడు. అంటే అల్లుడు అది బాగానే తర్జుమా చేశాడన్నమాట.

నౌకాదళం దగ్గర నేను అందుకున్నాను. బొగ్గుతో నడిచే ఓడల్ని చమురుకు మార్చడానికి పట్టుబట్టింది ఈయనే, ఆ తర్వాత ఈ సముద్రం వాళ్లకు ఎంత విలువైందయిందో, మనం రోజూ డ్యూటీకి పోయే రిఫైనరీ మీద 1940లో ఇటలీ విమానాలు బాంబులు ఎందుకు వేశాయో చెప్పాను. క్యాంపువాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. కథకురాలు 1940 మే నెలని ఆకాశానికి ఎత్తింది. ఒంటరిగా మిగిలిన ద్వీపం, నగరాల మీద రాత్రిళ్లు బాంబులు, భయపడొద్దని రేడియోలో ఆ గొంతు. నేను అక్కడ ఒక్క మాట అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పడానికేమీ లేదు. అల్లుడు చేతులు తిప్పుతూ ఉత్సాహంగా చెబుతున్నాడు.

తర్వాత విశాఖపట్నం బాంబులు. కథకురాలు తంబురా దించి, ఒక్క గజ్జెమోతతో నాకేసి తిరిగింది.

"ఇటు మన ఊరి మీద బాంబులు పడ్డాయి, అటు చుట్టదొర గెలవడం మొదలెట్టాడు. అంతేనా అక్కా?"

"అంతే కాదు చెల్లీ," అన్నాను.

పాట లేకుండా చెప్పాను. బెంగాల్‌లో తుపాను వచ్చింది. బర్మా జపాను చేతికి పోయి, అక్కడి బియ్యం ఆగిపోయింది. శత్రువుకు దొరక్కూడదని పల్లెల్లో పడవలు సర్కారే లాక్కుంది. ధరలు మండాయి, వ్యాపారులు దాచారు. ఓడలు పంపండి, ధాన్యం పంపండి అని ఢిల్లీ నుంచి పదేపదే అడిగారు. లండన్‌లో చుట్టదొర కూర్చున్న బల్ల దగ్గర, యుద్ధానికే ఓడలు చాలవన్నారు. పంపినవి తక్కువ, పంపినది ఆలస్యం. ముప్పై లక్షలమంది. "కరువంతా ఆయనొక్కడే తెచ్చాడని నేననను. ఆపగలిగిన చేతుల్లో ఆయన చెయ్యి ఒకటి. అది కదలలేదు."

కథకురాలు ముప్పై లక్షల పాట ఎత్తుకుంది. తాళం తప్పలేదు. తందాన అనడం జనం ఆపేశారు. వెనక ఎవరో ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను వేదిక మీదినుంచి మొదటి వరసనే చూస్తున్నాను. అల్లుడు కదలకుండా కూర్చున్నాడు. మేనేజరు చుట్టూ చూసి, వెనక్కి తిరిగి జనాన్ని చూసి, అల్లుడి వైపు వంగి ఏదో అడిగాడు. అల్లుడు ఒక్క ముక్క అన్నాడు. "సాడ్ సాంగ్" అని ఉంటాడు. మేనేజరు తల ఊపి ఊరుకోలేదు. మళ్లీ అడిగాడు. ఈసారి అల్లుడు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. వేళ్లు మడుస్తూ చెప్పాడు. తుపాను, పడవలు, ఓడలు. మూడు వేళ్లు ఎత్తి చూపించాడు. ముప్పై లక్షలన్నమాట. నా చేతిలో డోలు వాయించడం మరిచిపోయాను.

మేనేజరు ముఖంలో ఏమీ తెలియలేదు. చేతులు కట్టుకున్నాడు, అంతే.

అలా ఉన్న హాల్లోకి 1945 వచ్చింది. ఆ బరువంతా గొంతులో పెట్టుకుని మా కథకురాలు ఎన్నికలు ఎత్తుకుంది. అనుకున్నంతా అయింది. "కుప్పకూలెనే చుట్టదొరా" అంటూ మోకాళ్ల మీద పడి, తల వాల్చి, తంబురా నేలకు ఆనించి, చంపేసింది. అదీ మామూలుగా కాదు. హాల్లో సగంమంది నిజంగా పోయాడనుకున్నారు. ఆవిడ కూడా అలాగే ఉండిపోయింది. కళ్లు తెరిచి నన్ను చూసింది. ఏం చేసిందో తనకి అప్పుడు తెలిసింది పాపం.

మనవరాలు రెండడుగులు ముందుకు వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అక్కా, లేపవే ఆయన్ని! ఆరేళ్లలో మళ్లీ ప్రధాని అవ్వాలి!"

"చచ్చినోణ్ణి ఎలా లేపుతానే?" అంది కథకురాలు నేలమీదినుంచే.

"ముక్కు దగ్గర చుట్ట పెట్టు. ఆయనే లేస్తాడు!"

హాలు ఒక్కసారి పగిలింది. అంతసేపు బిగబట్టుకున్నదంతా నవ్వయి బయటికొచ్చింది. క్యాంపువాళ్లు ఈలలు వేశారు. ఆ మాట మేం రిహార్సల్స్‌లో అనుకున్నది కాదు. కథకురాలు గజ్జెలు ఘల్లుమనిపించి లేచి, 1951ని పరుగులు పెట్టించి, ముసలి దొర పదవి దిగిన 1955 దగ్గర మంగళం పాడింది.

కార్యక్రమం అయ్యాక మేనేజరు నేరుగా వేదిక దగ్గరికి వచ్చాడు. వెనకే మా అల్లుడు. ముఖం తెల్లబోయి ఉంది. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆయన ఇంగ్లీషు నాకు సగమే అందింది, మాట అంత సాగదీస్తాడు. నాకొక ఫిర్యాదు ఉందన్నాడు.

"మీరు 1900 నుంచి మొదలుపెట్టి 1911కి వెళ్లిపోయారు. 1910 ఏమైంది?"

నేను వేళ్లమీద సంవత్సరాలు మళ్లీ లెక్కపెట్టాను.

ఆయనది వేల్స్. ముత్తాత బొగ్గుగనిలో పనిచేశాడట. 1910లో అక్కడ గని కార్మికులు కూలి కోసం పని ఆపేశారు. అప్పుడు చుట్టదొర హోంమంత్రి. ఆ లోయల్లోకి లండన్ పోలీసులు వచ్చారు, తర్వాత సైన్యం కూడా వచ్చి కూర్చుంది. "మా అమ్మమ్మ ఇంట్లో ఆయన బొమ్మ పేపర్లో వస్తే ఆ పేపరు చేపలు చుట్టడానికి పోయేది. మీరు ఆయన్ని ఎక్కువ పొగిడారు," అన్నాడు. తర్వాత మా అల్లుడి వీపు మీద ఒకటి చరిచి, "బెంగాల్ సంగతి మా బళ్లో చెప్పలేదు. ఇతను బాగా చెప్పాడు," అన్నాడు. మా అల్లుడు నవ్వబోయి, అద్దాలు ఒళ్లోంచి ఎక్కడో పడిపోయాయని గుర్తొచ్చి వెతుక్కోవడానికి పరిగెత్తాడు.

కారులో ఇంటికి వస్తూ అడిగాను. "ఎందుకు చెప్పారు బాబూ? దుఃఖం పాట అని ఊరుకోవచ్చు కదా."

"అన్న అత్తమ్మా. 'ఎవరి దుఃఖం?' అనడిగిండు. గప్పుడు నాకు అబద్ధం రాలె." కాసేపు బండి నడిపాక, "మీరు అన్ని సంవత్సరాలు చెప్తే, ఆ ఒక్కటి నేను మింగితే మంచిగుండదనిపించింది," అన్నాడు.

ఇంటికి వచ్చి నేను 1910 గురించి దొరికినంతా చదివాను. ఆయన మొదట సైన్యాన్ని దారిలోనే ఆపి పోలీసుల్ని పంపాడట. అక్కడ సైనికులు కాల్పులు జరపలేదు. మర్నాడు అల్లుడి చేత ఆ ముక్క మేనేజరుకు చెప్పించాను. ఆ తేడా తనకు తెలుసుగానీ తమ లోయలో ఎవరూ ఒప్పుకోరని జవాబు వచ్చింది. రెండూ పాటలో పెట్టమన్నాడు.

తర్వాతి నెల కాంట్రాక్టు వచ్చింది. ఎప్పుడూ రెండేళ్లకు రాసేవాళ్లు, ఈసారి ఒక్క ఏడాదికే. కొత్త పనులు తగ్గాయని కారణం రాశారు. బుర్రకథకూ దీనికీ ముడిపెట్టడానికి నా దగ్గర ఆధారం లేదు, అటైనా ఇటైనా. పిల్ల పరీక్షకు మాత్రం ఆ ఏడాది సరిపోతుంది. ఆ సంగతి తెలిసిన సాయంత్రం అల్లుడు జిలేబీ తెచ్చాడు. మా అమ్మాయి ఫ్రిజ్ మీద క్యాలెండర్ తిప్పి, పరీక్ష నెల దగ్గర వేలు పెట్టి, ఏమీ అనకుండా నవ్వింది.

ఆ ఏడాదిలోనే సిత్రాలో ఒక క్యాంపు మెస్ హాల్లో రెండోసారి కథ చెప్పాం. శుక్రవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక. బెంచీల మీద వెల్డర్లు, పెయింటర్లు, స్కాఫోల్డింగ్ వాళ్లు. ఉగాదికి ఓవర్‌టైం వల్ల రాలేకపోయినవాళ్లే ఎక్కువ. ఈసారి 1910 చేర్చాం. మా కథకురాలు బొగ్గుగని పాటని పడవపాట వరసలో కట్టింది. నేల కింద చీకట్లో పనిచేసేవాళ్ల గురించి ఆవిడ పాడుతుంటే బెంచీల మీద కదలిక లేదు. పోలీసులు వచ్చారు, సైన్యం వచ్చింది, నెలల తరబడి పస్తులున్నారు, చివరికి 1911లో పాత కూలికే పనిలోకి దిగారు అని నేను చెప్పి ఆపాను. అక్కడ తందాన ఉంది.

తందాన పడకముందే వెనక బెంచీ నుంచి టెక్కలి వైపు మనిషి ఒకతను లేచాడు. "మామ్మా, ఆగండి. కూలి పెరగలేదా మరి?"

"అప్పుడు పెరగలేదు నాయనా."

"ఇంకెప్పుడు?"

అది కథలో లేదు. కానీ కుడివంతని అడిగితే చెప్పాలి. "మరుసటి ఏడు దేశంలో గనివాళ్లంతా కలిసి పని ఆపారు. 1912లో గనిలో దిగేవాడికి ఇంతకు తక్కువ కూలి ఇవ్వకూడదని చట్టం వచ్చింది. వాళ్లు అడిగినంత కాదు."

"వచ్చింది కదా?"

"వచ్చింది."

"అయితే అది కూడా పాడించండి మామ్మా. అక్కడ ఆపేస్తే ఎలాగ?" అని అతను కూర్చున్నాడు.

మా కథకురాలు నాకేసి చూసింది. నేను 1912 అని మళ్లీ ఒకసారి చెప్పాను. ఆవిడ పెదాలు కదుపుతూ మాటలు కూర్చుకుంటుంటే, మనవరాలు డోలు మీద మెల్లగా తాళం పట్టి ఉంచింది.